మాస్కు తీసిన మొహం

పొద్దున్నే పొయ్యి మీద ఎసరు పెట్టి, చెవుల వెనక మందు రాసుకుంటున్నాను. "వంటింట్లో ఆ మందేమిటి, అన్నంలో పడితే?" అన్నారు అత్తయ్య. చెవి ఎందుకు పుండైందని అడగలేదు.

మాత్రలు ప్యాక్ చేసే కంపెనీలో పని నాది. ఎనిమిదికి మాస్కు పెట్టుకుంటే మధ్యాహ్నం భోజనానికే తీయడం, మళ్ళీ పెట్టుకుంటే సాయంత్రం అయిదుకి. లాస్టిక్కు ఒరుసుకుని చెవుల వెనక పుండ్లు పడ్డాయి. ముక్కు మీద తీగ నొక్కేచోట తోలు లేచి నల్లబడింది. గడ్డమంతా చెమట పొక్కులు. పన్నెండయ్యేసరికి కణతలు పోటెత్తుతాయి. నీళ్ళు తాగాలంటే మాస్కు తీయాలి, తీయాలంటే బయటి గదికి వెళ్ళాలి, వెళ్తే సూపర్‌వైజరు గడియారం చూస్తాడు. ఆ చూపు పడలేక తాగడమే మానేశాను. దాంతో మూత్రంలో మంట మొదలైంది. చెప్పుకుంటే సిగ్గు, చెప్పుకోకపోతే మంట.

మావారికి మాత్రం ఒకసారి చెప్పాను. "ఏసీలో కూర్చుని చేసే పనికి కూడా ఇంత రాగమా? నిన్నేమన్నా రాళ్ళు కొట్టమన్నారా?" అన్నారు. అక్కడ కూర్చోం, నిలబడతాం. ఆ ఒక్క మాట దిద్దే ఓపిక కూడా లేకపోయింది.

ఆ ఆదివారం ఆయన ఆఫీసరు, భార్యతో భోజనానికి వచ్చారు. వాళ్ళు మెట్లెక్కుతుండగా మావారు వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించారు.

"వడ్డించేటప్పుడు ఇది పెట్టుకో. జలుబని చెప్తాలే. ఆ మచ్చలు చూస్తూ ఏం తింటారు, పాపం!"

జేబులోంచి కొత్త మాస్కు తీసి ఇచ్చారు. అంటే, ముందే తెచ్చిపెట్టుకున్నారన్నమాట. ఏడుపు రాలేదు, విచిత్రంగా కోపమూ రాలేదు. మాస్కు గట్టు మీద పెట్టేసి, కూర గిన్నె పట్టుకుని ముందుగదిలోకి నడిచాను.

"అయ్యో, మొహానికేమైందమ్మా?" అంది ఆఫీసరు భార్య.

"ఏదో ఎలర్జీ అండీ," అన్నారు మావారు, నాకంటే ముందే.

"ఎలర్జీ కాదండీ. రోజంతా మాస్కు పెట్టుకుని నిలబడే పని. మంచినీళ్ళకి కూడా తీయనివ్వరు."

ఆవిడ దగ్గరికి వచ్చి నా చెవి వెనక వంగి చూసింది.

"డాక్టరుకి చూపించుకున్నావా మరి?"

"రేపు వెళ్తున్నానండీ," అన్నాను. నోట్లోంచి ఆ మాట వచ్చేదాకా, వెళ్తానని నాకే తెలియదు.

సోమవారం పూటసెలవు పెట్టి వెళ్ళాను. డాక్టరమ్మ పుండ్లు చూసింది, మంట సంగతి నేను చెప్పకముందే అడిగింది. మందులు రాసి, రెండు గంటలకోసారి పది నిమిషాలు మాస్కు తీసి విశ్రాంతి తీసుకోవాలని చీటీ కూడా రాసిచ్చింది. మధ్యాహ్నం కంపెనీకి వెళ్ళి, భోజనాల వేళ అయ్యాక చీటీ సూపర్‌వైజరు బల్ల మీద పెట్టాను. అతను చదివి వెనక్కి తోశాడు.

"నీ ఒక్కదానికిస్తే రేపు నలభైమందీ వచ్చి అడుగుతారమ్మా."

"అడుగుతారు సార్. భోజనాల దగ్గర అందరికీ చెప్పే వచ్చాను."