నాన్న పెళ్లికి కొడుకు వ్యాను

అరవై దాటిన మనిషి మళ్లీ పెళ్లి చేసుకుంటానంటే చుట్టాలు ఊరుకుంటారా? బుగ్గలు నొక్కుకున్నారు, ముక్కున వేలేసుకున్నారు. పక్క ఊరి రిజిస్ట్రారు ఆఫీసుదాకా వెళ్లాలి, పెళ్లికూతురు అక్కడే ఉంటుంది, కాస్త కారివ్వండర్రా అంటే ఒక్కడూ ఇవ్వలేదు. పోనీ బస్సెక్కుదామంటే ఆ రోజే బస్సుల సమ్మె. జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషికి ఇంతకంటే వెక్కిరింపు ఉంటుందా! అప్పుడు గుర్తొచ్చాడు ఆయనకి కొడుకు. ఏళ్ల తరబడి మాటల్లేని కొడుకు.

కొడుకు సామాన్లు చేరవేసే వ్యాను నడుపుతాడు. అడగ్గానే వచ్చాడు. ప్రేమ పొంగి రాలేదు, ఉన్నమాట చెప్పుకోవాలి. అప్పట్లో తన పెళ్లికి పిలవబోతే, "ఆ పిల్లని చేసుకుంటే నాకు కొడుకే లేడనుకుంటా" అని మొహాన తలుపేసిన మనిషి ఈయన. ఆ నోటితోనే 'తప్పయింది' అనిపించాలని వచ్చాడు. ఆ ముక్క వినకుండా ఆఫీసు మెట్టు ఎక్కనివ్వకూడదని పంతం పట్టి కూర్చున్నాడు.

తండ్రి పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు.

"ఒరే, గేరు మార్చరా. బండి ఏడుస్తోంది."

"ఏడవనీ. నా బండి, నా ఇష్టం."

"అబ్బో, ఏం పొగరు!"

"ఎవరి పోలికో!"

అంతలో తండ్రి ఫోను మోగింది. ఆయన అక్క. ఆవిడ గొంతుకి స్పీకరు అక్కర్లేదు, వ్యానంతా వినిపించింది.

"సిగ్గు లేదురా నీకు? టికెట్ల కౌంటర్లో కూర్చునేదాన్ని కట్టుకుంటావా? లోకం ఏమనుకుంటుంది?"

"నాకు జ్వరమొస్తే లోకం వచ్చి కూర్చుంటుందా అక్కా? నాకు నచ్చింది, చేసుకుంటున్నా."

"అయితే విను. దాన్ని చేసుకుంటే నాకు తమ్ముడే లేడనుకుంటా!"

ఫోను ఠక్కున పెట్టేసింది. తండ్రి కాలు బ్రేకు తొక్కడం మానేసింది. కొడుకు మాత్రం పగలబడి నవ్వాడు.

"ఎలా ఉంది నాన్నా? తనదాకా వస్తేగానీ తెలియదంటారు, ఇదే!"

 పెట్రోలు బంకు దాటాక తండ్రి, "బండాపు" అన్నాడు. ఆపాడు. "వెనక్కి తిప్పు" అన్నాడు.

కొడుకుకి ఒళ్లు మండింది. "అంతేనా? అత్త ఒక్క కేకేస్తే తోక ముడిచావా? నన్ను గెంటేసినప్పటి మొండితనం ఏ గంగలో కలిసింది?"

"నోర్ముయ్యరా! పెళ్లి మానేస్తానన్నానా? మీ ఇంటికి పోనీ. నా కోడల్ని ఎక్కించుకుందాం. ఆ పిల్ల రాకుండా నేను సంతకం పెట్టను."

"ఆఫీసు మూసేస్తారు."

"మూసుకోనీ. రేపు తెరవరా ఏంటి?"

కొడుకుకి కోపమూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. అయినా తగ్గలేదు. "నేను పిలవను. నువ్వే పిలువు" అని ఆయన ఫోనే లాక్కుని నంబరు కలిపి చేతిలో పెట్టాడు.

అవతల కుట్టుమిషను చప్పుడు. "ఎవరండీ?"

"నేనమ్మా... నీ మామగారిని."

మిషను ఆగింది.

"నాకు మామగారు లేరండీ. కొడుకే లేడన్నాయనకి కోడలెక్కణ్ణించి వస్తుంది?"

 "తప్పయిందమ్మా" అన్నాడు. కొడుకు వైపు తిరిగి, "తప్పయిందిరా" అన్నాడు మళ్లీ. ఇన్నాళ్లూ ఈ మాట వింటే గెలిచినట్టుంటుందనుకున్నాడు కొడుకు. తీరా వింటే తండ్రి చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకున్నాడు.

"ఇవాళ నా పెళ్లమ్మా. నువ్వు రావాలి."

అవతల కత్తెర బల్లమీద పెట్టిన చప్పుడైంది.

"వస్తాను. మీ మొహం చూసి కాదు, పాపం ఆ పెళ్లికూతురి మొహం చూసి. షాపుకి తాళమేసి సందు చివర నిలబడతాను. మా ఇంట్లోకి మాత్రం ఇవాళ మిమ్మల్ని రమ్మనను."

"నువ్వు రమ్మనేదాకా ఆ సందు చివరే ఉంటానమ్మా" అన్నాడు పెళ్లికొడుకు.