మూడో పేజీ తారీఖు

ఇంట్లో అందరూ ఆమెను లాయరమ్మ అంటారు. పదిహేడేళ్ల పిల్లకు ఆ పేరు ఊరికే రాలేదు. బయట వాన పడుతోందని చెబితే, కిటికీ దాకా వెళ్లి చెయ్యి చాచి తడుపుకొచ్చి గానీ నమ్మదు. పై తరగతిలో అడ్వాన్స్‌డ్ హిస్టరీ తీసుకుంటానని పట్టుబట్టినప్పుడు, "పోయినవాళ్ల సంగతులు తవ్వి ఏం చేస్తావే?" అని వాళ్ల నాన్న తల పట్టుకున్నాడు. "పోయారు కాబట్టే వాళ్ల తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి," అంది. ఆ పిల్లతో ఇంకెవరు వాదిస్తారు?

అంతటి లాయరమ్మ కేసు గురువారం మధ్యాహ్నం తలకిందులైంది.

ఆ చదువులో సొంతంగా పరిశోధించి రాయాల్సిన వ్యాసం ఒకటుంటుంది. సగం మార్కులు దానివే. ఆమె ఊరి పాత వంతెన గురించి రాసింది. యాభై మూడేళ్ల కిందట ఏరు పొంగి ఒక్క రాత్రిలో వంతెన కొట్టుకుపోయింది. అదృష్టం, ఆ సమయానికి దాని మీద ఒక్క మనిషి లేడు. "అదృష్టం కాదు, పైనుంచి ఉత్తర్వు రాకపోయినా పన్నెండో తారీఖు మధ్యాహ్నమే నేను మూసేశాను," అని వంతెన బాగోగులు చూసే ఓవర్సియరు ఆఫీసు రిజిస్టరులో రాశాడు. పై అధికారులు నమ్మలేదు. అంతా అయ్యాక తీరిగ్గా కూర్చుని రాసుకున్నాడని ఉద్యోగంలోంచి పంపేశారు. అబద్ధాలకోరు అన్న పేరుతోనే ఆయన పోయాడు.

ఆయన చెప్పింది నిజమని నిరూపించడానికి లాయరమ్మ ఎనిమిది నెలలు కాళ్లకు బలపం కట్టుకుని తిరిగింది. మిగతా కాగితాలన్నీ వరదలోనే నానిపోయాయి. వంతెన ఏ రోజు కూలిందని ముసలివాళ్లను అడిగితే తలా ఒక తారీఖు చెప్పారు. చివరికి చేతికి దక్కినవి రెండే. ఒకటి ఆ రిజిస్టరు. రెండోది అప్పటి సాయంత్రం పత్రికలో మూడో పేజీ. పాత సంపుటం చిరిగిపోతుందని లైబ్రేరియన్ ఆమెను ముట్టుకోనివ్వలేదు. ఆ ఒక్క పేజీ తానే ఫోటో తీసి ఇచ్చాడు.

హిస్టరీ మేడమ్ చిత్తుప్రతి తిరిగిచ్చినప్పుడు చివర్లో ఎర్ర సిరాతో నాలుగు ముక్కలు రాసి ఉన్నాయి. "పత్రిక తారీఖు పన్నెండు. నిన్న రాత్రి వంతెన కూలిందని వార్త. అంటే కూలింది పదకొండు రాత్రి. కూలిపోయిన వంతెనను మర్నాడు మధ్యాహ్నం ఎలా మూశారు?"

లాయరమ్మ ఫోటో తీసి మళ్లీ చూసింది. వార్తను వందసార్లు చదివింది గానీ నెత్తిన ఉన్న తారీఖుతో లెక్క కట్టి చూసుకోలేదు.

"మేడమ్, ఆయన అలాంటి మనిషి కాదండీ," అంది.

"అది నీ నమ్మకం, ఆధారం కాదు. రేపు నాలుగింటికి వ్యాసం నా టేబుల్ మీద ఉండాలి. తేల్చగలిగితే తేల్చు. లేదంటే ముగింపు మార్చు."

ముగింపు మార్చడమంటే ఆ మనిషిని మరోసారి, ఈసారి తన చేత్తో, అబద్ధాలకోరును చెయ్యడం.

తాతయ్య వరండాలో కుర్చీలో ఉన్నాడు. ఆయన ఒకప్పుడు అదే పత్రికలో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, వరసలు పేర్చి, పేజీ కట్టిన మనిషి. వ్యాసం మొదలుపెట్టిన రోజే ఆమె ఆయన్ను అడిగింది. "ఎప్పటి మాటో, నాకేం గుర్తుంటుందమ్మా," అని చేతిలో పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు, అదే పేపరు.

ఈసారి ఆమె ఏమీ అడగలేదు. మూడో పేజీ ఫోటో ఆయన ఒళ్లో పడేసి పక్కనే నేల మీద చతికిలబడింది. సంగతంతా చెప్పింది.

తాతయ్య కళ్లజోడు తుడుచుకున్నాడు. పేజీ చూశాడు. నెత్తిన ఉన్న తారీఖు మీద వేలు పెట్టాడు.

"ఓవర్సియరు తప్పేం లేదమ్మడూ," అన్నాడు చివరికి. "తప్పు నాది."

"నీదేంటి తాతయ్యా?"

"పత్రిక మొత్తం నాలుగు పేజీలు. ఒకటి, నాలుగు కలిపి ఒక ఇనప చట్రంలో బిగించేవాళ్లం. రెండు, మూడు ఇంకో చట్రంలో. రోజూ వార్తలన్నీ విప్పేస్తాం. పేజీ నెత్తిన ఉండే పత్రిక పేరు, తారీఖు మాత్రం అలాగే ఉంచి, ఒక్క అంకె తీసి ఇంకో అంకె పెడతాం. ఆ రోజు పదమూడు. మొదటి పేజీ ఇంకొకడు మార్చాడు. లోపలి పేజీలు నావి. నేను రెండు తీసి మూడు పెట్టలేదు. పన్నెండు పన్నెండుగానే అచ్చయిపోయింది."

"అంటే ఇది పదమూడో తారీఖు పేపరా?"

"ఆ. ఫోర్‌మన్ అందరినీ నిలబెట్టి ఎవడ్రా అని అరిచాడు. నేను కిక్కురుమనలేదు. ఇప్పటిదాకా ఎవ్వరికీ చెప్పలేదు."

లాయరమ్మకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అయినా వెయ్యలేదు. "నీ మాట మీద నాకు నమ్మకమే తాతయ్యా," అంది, "కానీ రేపొకసారి లైబ్రరీకి వెళ్లి చూసొస్తాను."

తాతయ్య పకపకా నవ్వాడు. "చూసిరా. నువ్వు చూడకపోతేనే నాకు అనుమానం."

శుక్రవారం పొద్దున్న తాళం తీసే సమయానికి ఆమె లైబ్రరీ మెట్ల మీద ఉంది. కాళ్లావేళ్లా పడితే లైబ్రేరియన్ సణుక్కుంటూ సంపుటం తెచ్చి, తన చేత్తోనే కాగితాలు తిప్పాడు. పన్నెండో తారీఖు సంచిక. మొదటి పేజీ పన్నెండు, మూడో పేజీ పన్నెండు. వంతెన ఊసే లేదు. పక్క సంచిక తిప్పాడు. మొదటి పేజీ మీద బొద్దుగా పదమూడు. మూడో పేజీ మీద మళ్లీ పన్నెండు, కింద వంతెన వార్త.

"ఒకే తారీఖుతో రెండు మూడో పేజీలా! ముప్పై ఏళ్ల నుంచి ఇక్కడే కూర్చున్నాను, నా కంట పడలేదే," అన్నాడు లైబ్రేరియన్.

హమ్మయ్య అని ఆమె బల్ల మీద తల వాల్చేసింది. పన్నెండు మధ్యాహ్నం మూశాడు, పన్నెండు రాత్రి కూలింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

మధ్యాహ్నం ఇంట్లో బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని ఆ సంగతే పేజీ అడుగున ఫుట్‌నోటులో రాస్తోంది. ఎదురుగా నాయనమ్మ బఠాణీలు ఒలుస్తోంది, పక్కన తాతయ్య ఒలిచినవి ఒకటొకటే నోట్లో వేసుకుంటున్నాడు.

"కంపోజిటరు పొరపాటున అంకె మార్చలేదు, అని రాశాను. ఎందుకు మార్చలేదని మేడమ్ అడుగుతుంది. ఎందుకు తాతయ్యా? నీ చెయ్యి తప్పు చేసే రకం కాదు కదా."

తాతయ్య నాయనమ్మ వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. "మీ నాయనమ్మ పుట్టింటికెళ్లింది. పన్నెండు సాయంత్రం వంతెన దాటి వస్తానని ఉత్తరం రాసింది. ఏడో నెల. కడుపులో మీ నాన్న. రాలేదు. మర్నాడు వంతెన కూలిందని నా చేత్తోనే అక్షరాలు పేర్చాను. తనుందో లేదో తెలీదు. ఇంక అంకెలేం కనపడతాయి?"

బఠాణీలు ఒలిచే చెయ్యి ఆగిపోయింది.

"మూడో రోజు పడవలో దిగితే, ఇంత ఆలస్యమేంటని విసుక్కున్నారే గానీ ఈ మాట చెప్పారా?" అంది నాయనమ్మ. ఆమె కళ్లు తడిశాయి. "నేను ఆ సాయంత్రమే బయల్దేరానండీ. వంతెనకు అడ్డంగా గొలుసు కట్టి, వానలో తడుస్తూ ఒక బక్కమనిషి నిలబడ్డాడు. ఎంత బతిమాలినా వదల్లేదు. వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి వెనక్కి వెళ్లాను. మీరు కోప్పడతారని చెప్పలేదు."

లాయరమ్మ కంప్యూటరు పక్కకు నెట్టింది. "నాయనమ్మా, ఓవర్సియరు నీకు తెలుసా అని నేను నెల కిందటే అడిగానా లేదా?"

"ఓవర్సియరంటే కుర్చీలో ఉంటాడనుకున్నానే. గొలుసు దగ్గర నిలబడ్డవాడు కాపలావాడేమో అనుకున్నాను." నాయనమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "పాపం, ఎన్ని మాటలన్నానో ఆ మహానుభావుణ్ణి."

నాలుగుకు పది నిమిషాలుండగా లాయరమ్మ రొప్పుతూ వ్యాసం తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టింది. మేడమ్ నేరుగా చివరికి తిప్పి, రెండు పత్రికల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసింది. కింద ఫుట్‌నోట్లు రెండుసార్లు చదివింది.

"తారీఖు తప్పని చెప్పింది మీ తాతగారు. గొలుసు చూసింది మీ నాయనమ్మగారు. సాక్షులిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఒకరు చెప్పింది విని ఇంకొకరు చెప్పలేదని ఏంటి నమ్మకం? ఒకరి సంగతి ఒకరికి ముందే తెలుసు కదా?"

"లేదు మేడమ్," అంది లాయరమ్మ. "ఇవాళ మధ్యాహ్నం దాకా తెలీదు."