మాట్లాడని గంట

మా చెల్లెలు నోరు మూసుకుంటే బాగుండునని నేను అనుకోని రోజు లేదు. అది నిజంగా మూసుకున్నాక నాకు పిచ్చెక్కినంత పనయింది.

మాది బట్టలు కుట్టే షాపు. కొత్తవి కుట్టేది తక్కువ, పాతవి సరిచేసేది ఎక్కువ. ప్యాంటు పొడుగు తగ్గించడం, కోటు నడుము బిగించడం, జిప్పు మార్చడం, ఇవీ మా పనులు. అమ్మ పోయాక షాపు మా ఇద్దరిదీ అయింది. వీధివైపు కిటికీ దగ్గర నా మిషను, లోపలి గోడ దగ్గర దాని మిషను, మధ్యలో కత్తిరించే బల్ల. చిన్నప్పటినుంచీ దాన్ని అందరం వసపిట్ట అనేవాళ్ళం. పొద్దున షట్టరు లేపింది మొదలు మళ్ళీ దించేదాకా వాగుతూనే ఉండేది.

"అక్కా, ఇదిగో ఈ బూడిదరంగు ప్యాంటు నీది. ఎడమకాలి అంచు ఊడిపోయింది చూడు. నల్లదారం ఎక్కించేశా, సూది నీ కుడిచేతి పక్కనే పెట్టా. అయ్యో, ఈ చొక్కా గుండీ చూశావా, మెడ కిందది, వేలాడుతోంది పాపం!"

"ఆపవే తల్లీ! చెవులు తూట్లు పడుతున్నాయి. నాకు కళ్ళు లేవా ఏంటి?" అని కసిరేదాన్ని.

కళ్ళున్నాయి. వాటిలో చూపే సరిగ్గా లేదు. దేన్ని సూటిగా చూస్తే దాని నడిమధ్యలో మసిగుడ్డ కప్పినట్టు ఉంటుంది. పక్కలు కనిపిస్తాయి, అసలుది కనిపించదు. కళ్ళడాక్టరు చూసి, అద్దాలు మార్చినా లాభం లేదమ్మా, సూదిపని మానేయండి అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో! ఇంటికొచ్చి చెల్లెలికి మాత్రం, కొత్త అద్దాలు రాశాడే అని చెప్పాను. నిజం చెప్తే ఆ పూటే నన్ను మిషను దగ్గరనుంచి లేపేస్తుంది. లేపేస్తే నేనెక్కడ కూర్చోవాలి? పెళ్ళా, పిల్లలా, ఇంకో విద్యా? నాకున్నది ఆ కుర్చీ ఒక్కటే. అందుకని చేతుల అలవాటుతో, చెవులతో నెట్టుకొస్తున్నాను. చెవులతో అంటే దాని వాగుడుతో అన్నమాట. ఆ సంగతి అప్పటికి నాకు సరిగ్గా తట్టలేదు.

ఇంతలో దాని ఫోనులోకి ఒక మహానుభావుడు దిగబడ్డాడు. బ్లాగు రాస్తాడట. మనసు నిమ్మళంగా ఎలా ఉంచుకోవాలి, తక్కువ వస్తువులతో ఎలా బతకాలి, ఎక్కువ పని ఎలా చెయ్యాలి, ఇవన్నీ చెప్తాడట. ఆయన పేరేమిటో నేను పట్టించుకోలేదు, శాంతయ్య అని నేనే పెట్టాను. ఇది టీ తాగుతూ ఆయన్ని చదవడం, చదివి ఆహా అని తలూపడం. నాకు ఒళ్ళు మండిపోయేది.

మొదట బల్ల మీద పడ్డాడు శాంతయ్య. బల్ల ఖాళీగా ఉంటే మనసు ఖాళీగా ఉంటుందట. నా ముందు వరసగా ఉండే దారపు రీళ్ళన్నీ తీసి మూతల డబ్బాల్లో సర్దేసింది. డబ్బాలన్నీ ఒకటే తెలుపు, పైన చీమతలకాయంత అక్షరాలు. కళ్ళు మూసుకుని కూడా నల్లదారం అందుకునే నా చెయ్యి గాల్లో తడుముకోవడం మొదలైంది.

"ఏం కొంపలంటుకున్నాయని సర్దావే ఇవన్నీ?"

"ప్రశాంతంగా లేదా అక్కా చూడ్డానికి?"

చూడ్డానికే కదా నా బాధంతా! ఆ మాట మింగేశాను.

తర్వాత వచ్చింది అసలు దెబ్బ. భోజనమయ్యాక గంటసేపు ఎవరూ మాట్లాడకూడదు. ఫోనులో గంట పెడుతుంది, అది మోగేదాకా మిషన్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడకూడదు. శాంతయ్య ఆజ్ఞ.

"ఇదేమన్నా బడా? మాట్లాడితే బెంచీ ఎక్కిస్తావా?" అన్నాను.

"రోజూ నోరు మూసుకోమని నువ్వేగా అక్కా అంటావు?"

అన్నది నేనేగా!

ఆ గంట నాకు నరకమయ్యింది. లేతరంగు బట్టలు ఏరుకుని ముందేసుకునేదాన్ని. లేదంటే ఇస్త్రీ వంక పెట్టుకుని లేచిపోయేదాన్ని. సూదిలో దారం ఊడితే దొంగలా బాత్రూములోకి పోయి, బల్బు కింద నిలబడి ఎక్కించుకోబోయి వేళ్ళు పొడుచుకునేదాన్ని. అవతల మా చెల్లెలి మిషను మాత్రం హాయిగా, ఒక్క ఊపున నడిచేది. పని రెట్టింపు చేసింది కూడా. ఇది నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటే నాకు ఏడుపొచ్చేది, ఆ తర్వాత కోపమొచ్చేది. ఎవరి మీద కోపమో తెలీక శాంతయ్యని తిట్టుకునేదాన్ని.

ఒకరోజు పక్కవీధి మందులషాపావిడ కోటు తెచ్చింది. ముదురు నీలం ఉన్ని కోటు. లోపలి లైనింగు నలుపు.

"మా ఆయనది. ఆయన పోయాక ఎవరికీ ఇవ్వలేదు. మా వాడికి ఉద్యోగం వచ్చింది, మొదటిరోజు నాన్న కోటే వేసుకుంటానన్నాడు. భుజాలు కాస్త తగ్గించాలి. పాడు కాకుండా చూడండమ్మా," అని నా చేతిలోనే పెట్టింది.

"మీరు నిశ్చింతగా ఉండండి," అన్నాను. నా నోటికి ఆ మాట అలవాటు.

సరిగ్గా మాట్లాడని గంటలోనే ఆ కోటు ముందేసుకున్నాను. ఎందుకంటే పౌరుషం. ఇంకెన్నాళ్ళు తెల్లచొక్కాలు ఏరుకుంటాను? భుజం దగ్గర లైనింగు కుట్లు విప్పాలి. వేలితో తడిమితే కుట్టు తగిలినట్టే ఉంది. బ్లేడు పెట్టాను. నీలం ఏదో నలుపేదో నాకు తెలియలేదు, అంతా ఒకటే చీకటి. మామూలు వేళైతే గోడ దగ్గరనుంచి "అక్కా, కుట్టు ఇంకాస్త పైనుంది" అని వినపడి ఉండేది. ఏమీ వినపడలేదు. బ్లేడు లాగాను.

పర్రుమంది. లైనింగు చిరిగితే అంత మందమైన చప్పుడు రాదు.

చెల్లెలి మిషను ఆగిపోయింది. వేళ్ళతో తడిమి చూసుకున్నాను. భుజం మీద ఉన్నిబట్ట జానెడు తెరుచుకుని ఉంది. భయమేసినప్పుడు నాకు వచ్చేది కోపమే.

"నోరు పడిపోయిందా నీకు? ఒక్క మాట అంటే ఏం పోయేదే? ఆ శాంతయ్య వచ్చి నీ నాలుక కోసేవాడా?"

అది లేచి వచ్చి నా చేతిలోంచి బ్లేడు తీసేసుకుంది.

"చెప్పీ చెప్పీ అలసిపోయానక్కా."

"ఏం చెప్పావు?"

"ఏ గుండీ ఊడిందో, ఏ దారం ఎక్కడుందో, రోజంతా ఎవరికి చెప్తున్నాననుకున్నావు? గోడకా?"

నేను కోటుని బల్ల మీద పెట్టేశాను.

"నువ్వు పచ్చదారంతో నల్లప్యాంటు కుట్టిన రోజే తెలిసింది నాకు. నువ్వే చెప్తావులే అని చూశాను. చెప్పలేదు. నేనే బయటపెడితే నిన్ను కుర్చీలోంచి లాగేసినట్టు అవుతుందని నేనూ అనలేదు. నీ పని కళ్ళతో చూడాలి, నోటితో చెప్పాలి, మళ్ళీ నా పని నేను చేసుకోవాలి. రాత్రికి గొంతు ఉండదు, బుర్ర ఉండదు. పైగా వాగుడుకాయనని నీతో తిట్లు." బ్లేడు బల్ల మీద పెట్టింది. "ఒక్క గంట, అక్కా. ఒక్క గంట నా పని నేను చేసుకుందామనుకున్నా. ఆయనెవరో రాశాడని చెప్పకపోతే ఎందుకని అడుగుతావు కదా?"

"మరి ఆ రీళ్ళు?"

"అది నిజంగా బాగుంటుందనే సర్దా. నీ చెయ్యి తడుముకోవడం చూశాక డబ్బాలు తీసేద్దామనుకున్నా. ఎందుకు తీసేశావని అడుగుతావు. ఏం చెప్పాలో తెలీలేదు."

దాన్ని దగ్గరికి తీసుకోవాలనిపించింది. సిగ్గేసింది. ఇన్నాళ్ళూ అది వాగుతోందనుకున్నాను, నేను ఓర్చుకుంటున్నాననుకున్నాను. ఫోను గంట మోగింది. అది వెళ్ళి ఆపేసి వచ్చి, కోటు చిరుగు రెండంచులూ దగ్గరికి చేర్చి చూసింది.

"లోపల గుడ్డ వేసి అల్లితే కలిసిపోతుంది. కానీ తెలిసినవాళ్ళకి తెలుస్తుంది," అంది.

సాయంత్రం మందులషాపావిడ దారిన పోతూ తొంగిచూసింది, అయ్యిందా అమ్మా అంటూ. చెల్లెలు చటుక్కున లేచింది.

"అంటే ఏమైందంటే అండీ, బ్లేడు కొంచెం జారి..."

దాని సంగతి నాకు తెలుసు. తన చేతిలోనే జారిందని చెప్పేస్తుంది.

"నువ్వుండవే," అన్నాను. కౌంటరు దగ్గరికి నడిచాను. ఆవిడ ముఖం ఉండాల్సిన చోట మసక ఉంది. దాన్నే చూస్తూ చెప్పాను. "కోటు నేనే చించానండీ. నాకు కళ్ళు కనపడటం లేదు. చాలా రోజులైంది. మీకు చెప్పకుండా మీ వస్తువు చేతిలోకి తీసుకున్నాను. తప్పు నాదే."

ఆవిడ కోటు తీసుకుని చిరుగు మీద చెయ్యి పెట్టినట్టుంది. ఉన్నిబట్ట మీద అరచెయ్యి రాసిన చప్పుడు వినపడింది. తిట్టినా బాగుండేది.

"మరి ఇప్పుడు దీన్ని ఎవరు కుడతారు?" అంది చివరికి.

"మా చెల్లెలు," అన్నాను. "ఇకనుంచి అన్నీ అదే కుడుతుంది."

అనేశాక కౌంటరు చెక్క గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.