ముందు మిషను ఆపండి

నూలు మిల్లులో తిరుగుతున్న మిషను కింద ఊడుస్తూ ఆడపడుచు చెయ్యి రోలర్ల మధ్య ఇరుక్కున్నప్పుడు వదిన పక్క వరసలోనే ఊడుస్తోంది. "ఆపండి! ఆపండి!" అని గొంతు చించుకుంది. స్విచ్చి ముట్టుకునే హక్కు సూపర్‌వైజరుకే. ఆయన నింపాదిగా నడిచొచ్చాడు. అప్పటికే మూడు వేళ్లు నుజ్జయిపోయాయి.

పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లిన బండి గేటు దాటిందో లేదో, మిల్లు మళ్లీ హోరెత్తింది.

"చూస్తావేంటి? ఆ రక్తం తుడువు," అన్నాడు సూపర్‌వైజరు.

"మిషను తిరుగుతోంది కదయ్యా."

"రోజూ తిరుగుతుండగానేగా తుడిచేది! మీ పిల్లదే ఒళ్లు దగ్గర పెట్టుకోలేదు."

వదిన తుడిచింది. తుడిచినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

డ్యూటీ దిగి అందరూ గేటు ముందు గుమిగూడారు. యూనియన్ నాయకుడు గొంతు సవరించుకున్నాడు. "ఊడ్చేటప్పుడు మిషను ఆపమని అడిగాను. మేనేజరు ఆలోచిస్తానన్నాడు."

"మా అమ్మ చెయ్యి విరిగినప్పుడూ అదే అన్నాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడా?" అంది ఊడ్చే పిల్ల ఒకతి.

"మనం ఆపితే పనిలోంచి పీకేస్తారమ్మా," మిషను నడిపే బట్టతలాయన నేలచూపులు చూశాడు. "పిల్లలున్నవాణ్ణి."

"మాకు లేరా బాబాయ్? నీ మిషను కిందే కదా మేం దూరేది!" అంది వదిన.

ఏదీ తేలకుండానే జనం చెదిరిపోయారు.

ఆసుపత్రిలో ఆడపడుచు కట్టు చూసుకుంటూ అడిగింది. "నాదే తప్పంటున్నారంట. నిజమేనా వదినా?"

మర్నాడు వదిన చీపురు కింద పడేసి మిషను ముందు చతికిలబడింది. "ముందు మిషను ఆపండి. అప్పుడు ఊడుస్తాను." ఊడ్చేవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి పక్కన కూర్చున్నారు. దూది కుప్పలుగా పేరుకుంది. సూపర్‌వైజరు మండిపడి ఒక పిల్ల రెక్క పట్టి మిషను కిందికి ఈడ్చాడు.

బట్టతలాయన ఒక్క అంగలో వెళ్లి స్విచ్చి కొట్టేశాడు. "పీకేస్తే పీకెయ్యండి! ఇంకో చెయ్యి పోనివ్వను!"

అది చూసి మిగతా మిషన్లవాళ్లూ స్విచ్చిలు కొట్టారు. వరస వెంట వరస మిల్లంతా ఆగింది.

పోలీసులు వచ్చి వదిననీ బట్టతలాయననీ వ్యానెక్కించారు. అదే గేటులోంచి కంట్రాక్టరు ఊడ్చేవాళ్ల బదులు కొత్త ఆడవాళ్లను లోపలికి తోలుతున్నాడు.

"మిషను ఆపితేనే చీపురు పట్టండమ్మా!" వదిన అరిచింది. ఒక్కరూ తలెత్తలేదు. కాసేపటికి మిల్లు హోరు మొదలైంది. చేసిందంతా మట్టిపాలయినట్టు ఆమె కుమిలిపోయింది.

వ్యాను కదలబోతుండగా హోరు ఆగిపోయింది.

"కరెంటు పోయినట్టుంది," అన్నాడు కానిస్టేబులు.

బట్టతలాయన ఊచల్లోంచి తొంగి చూశాడు. "లైట్లు వెలుగుతూనే ఉన్నాయి సార్."

"మిషను ఆపితేనే చీపురు పడతాం!" లోపల్నుంచి కేకలు వినిపించాయి. అన్నీ కొత్త గొంతులే.