ఇస్తారి చేతిని దాటిన బీడీలు

పన్నెండేళ్లుగా ఇస్తారి చేతిని దాటి ఒక్క బీడీ కూడా బొగ్గుబాయిలోకి దిగలేదు. నస్పూర్‌లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు, ఎందుకంటే తెలియకుండా ఉండే అవకాశం ఇస్తారి ఎవరికీ ఇవ్వలేదు. పెళ్లికి పోయినా చెప్తాడు, చావుకు పోయినా చెప్తాడు, కూరగాయల బండి దగ్గర వంకాయలు ఏరుతూ కూడా చెప్తాడు. బాయి లోపల నిప్పురవ్వ పడితే ప్రాణాలే పోతాయి కాబట్టి, దిగేవాళ్లను తడిమి చూసి పంపే డ్యూటీ ఆయనది. టోపీ అస్తరులో దాచినా, టిఫిన్ డబ్బా అడుగున దాచినా, బూటు మడమలో దాచినా ఆయన వేళ్లు ఇట్టే పట్టేస్తాయి. దొరికింది డబ్బాలో వేసి, ఇత్తడి బిల్ల ఒకటి చేతిలో పెట్టి, డ్యూటీ దిగాక బిల్ల ఇచ్చి నీది నువ్వు తీసుకుపొమ్మంటాడు. బిల్ల లేకుండా మేనేజరు వచ్చి అడిగినా ఇవ్వడు.

అంతకుముందు ఆయనా లోపల పనిచేసినవాడే. బొగ్గు పెళ్ల కాలు మీద పడి ఎముక రెండు ముక్కలయ్యాక పైన డ్యూటీ వేశారు. అప్పటికి కూతురు శ్యామలకు ఆరేళ్లు. పలకరించడానికి వచ్చిన చుట్టాలందరికీ ఎక్స్‌రేను కిటికీకి ఆనించి పట్టుకుని, బాపు బొక్క ఎక్కడ విరిగిందో, ఎట్లా అతుక్కుంటుందో వేలు పెట్టి చూపించేది. వచ్చినవాళ్లు మంచం మీదున్న మనిషిని మరిచిపోయి ఆ పిల్ల చెప్పేది వినేవాళ్లు. ఇది డాక్టరే అవుతుందని ఇస్తారి ఆ మంచం మీదే తీర్మానించాడు. పిల్ల పెరిగి పెద్దదయ్యాక అడిగితే తనూ అదే మాట అంది.

అక్కడిదాకా బాగానే ఉంది. తిరకాసంతా నీట్ పరీక్ష గేటు దగ్గర వచ్చింది. నిరుడు మొదటిసారి రాయడానికి పోతే, కుర్తా చేతులకున్న పెద్ద గుండీలు కుదరవని కత్తెరతో కోశారు. ముక్కుపుల్ల తియ్యమన్నారు. అదేమో రాదు. సబ్బు రాసి, కొబ్బరినూనె రాసి, లైన్లో ఉన్న పదిమంది తల్లులు తలా ఒక సలహా ఇచ్చి లాగితే ఎట్టకేలకు వచ్చింది. ఏడుస్తూ లోపలికి పోయిన పిల్లకు అరగంటదాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి. పాతిక ప్రశ్నలు ముట్టుకోకుండానే టైం అయిపోయింది, కొద్ది మార్కుల్లో సీటు పోయింది. శ్యామల రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు లేచి, ఇంకొక్కసారి రాస్తానని, ఈసారీ రాకపోతే డిగ్రీలో చేరిపోతానని, మళ్లీ ఎవరూ డాక్టర్ మాట ఎత్తొద్దని తేల్చి చెప్పింది.

ఇస్తారికి కడుపు మండిపోయింది. చదువులో ఓడితే పోనీలే అనుకునేవాడు. చెకింగ్‌లో ఓడడమేంటి? ఇస్తారి బిడ్డ చెకింగ్‌లో ఓడడమేంటసలు? కూతుర్ని కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పాడు.

"ఫిజిక్స్ నాకు రాదు, కెమిస్ట్రీ రాదు. చెకింగ్ ఫికర్ మాత్రం నాకిడిసిపెట్టు బిడ్డా."

ఆ వారం నుంచే ముందుగది గడప పరీక్ష గేటు అయింది. ప్రతి ఆదివారం శ్యామల ఇంట్లో నమూనా పరీక్ష రాసేది, రాసేముందు గడప దగ్గర తనిఖీ. ఆడపిల్లను తడిమేది ఆడమనిషే కావాలి కాబట్టి ఆ పని భార్య సరోజనకు అప్పజెప్పి, తను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి హుకుంలు జారీ చేసేవాడు. కాలర్ కింద చూడమనేవాడు, జడ విప్పి చూడమనేవాడు, చెప్పుల అడుగు తిప్పి చూడమనేవాడు. మొదట్లో సరోజన తండ్రీకూతుళ్లిద్దరికీ మతి పోయిందని గొణిగింది. నెల తిరిగేసరికి ఆమె చేతికి ఆ విద్య అబ్బేసింది. ఆమె తమ్ముడు నిరంజన్ చుట్టపుచూపుగా వస్తే, గడప దాటకముందే లాల్చీ మడతలోంచి రెండు గుట్కా పొట్లాలు తీసింది. అతను మళ్లీ రాలేదు.

శ్యామలకు మాత్రం మందు బాగా పనిచేసింది. గుండె గదుల పేర్లు నోట్లో అనుకుంటూనే వచ్చి, చేతులెత్తి, ఇటు తిరిగి, అటు తిరిగి, అరికాళ్లు చూపించి, పోయి కూర్చునేది. తనను తడిమిన సంగతి కూడా ఆ పిల్లకు తెలిసేది కాదు. అది చూసి ఇస్తారి మీసం మెలేసుకునేవాడు.

ఆ మీసం వెనకే అసలు రోగం ఉంది. దసరా రోజున శ్యామల ఆయన వీపుకు చెవి ఆనించి విని, ఛాతిలో పిల్లి పిల్లలు పెట్టినట్టుందని చెప్పి, బీడీ మానేస్తానని తన తలమీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. ఇస్తారి ఆ ఒట్టును పదకొండు రోజులు నిలబెట్టుకున్నాడు. పన్నెండో రోజున గొడుగు మడతలో బీడీ దాస్తే సరోజన పట్టుకుంది. బియ్యం డ్రమ్ములో దాస్తే పట్టుకుంది. క్యాలెండర్ వెనక దాచినా పట్టుకుంది. కూతురికి తెలిస్తే చదువు చెడుతుందని ఆమె బయట పెట్టలేదు గానీ, మొగుణ్ని మాత్రం ఉతికి ఆరేసింది. గురువు తానే అయినందుకు ఇస్తారికి ఏం చేయాలో తోచలేదు.

సరోజన చెయ్యి పోని చోటు ఇంట్లో ఒక్కటే మిగిలింది. దేవుడి పటం ముందు పెట్టిన ఖాకీరంగు కవరు. అందులో శ్యామల హాల్ టికెట్, ఆధార్ కార్డు, ఫోటో స్టూడియోవాడు ఇచ్చిన చిన్న కాగితప్పొట్లంలో పాస్‌పోర్ట్ ఫోటోలు ఉన్నాయి. ఆ కవరు ముట్టుకోవాలంటే సరోజన ముందు చేతులు కడుక్కునేది. ఇస్తారి ఆ ఫోటోల నడుమ రెండు బీడీలు, నాలుగు అగ్గిపుల్లలు, అగ్గిపెట్టె అంచు ముక్క ఒకటి పెట్టి, దేవుడికి దండం పెట్టుకున్నాడు.

మే నెల ఆదివారం రానే వచ్చింది. పరీక్ష కరీంనగర్‌లో. పొద్దున్నే లేచి ఇస్తారి కూతురి చెప్పులు చూశాడు, నీళ్ల సీసా లేబుల్ పీకాడు, గుండీలు లేని కుర్తాను రెండుసార్లు దులిపాడు. సరోజన చేతులు కడుక్కుని, కవరును కళ్లకద్దుకుని, తన చేతిసంచిలో పెట్టి జిప్పు లాగింది. మంచిర్యాల బస్టాండులో బస్సు కోసం నిలబడ్డప్పుడు ఇస్తారికి నోరు పీకింది. బీడీ ఎక్కడుందో అప్పుడు గుర్తొచ్చింది. గుర్తురాగానే సరోజన చేతిసంచి వైపు చూశాడు.

బస్సులో తల్లీకూతుళ్లు ఒక సీట్లో, ఆయన వెనక సీట్లో. ఫోటోలు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తానని కవరు అడిగాడు. సరోజన ఇవ్వలేదు. సంచి బరువుగా ఉందేమో తాను పట్టుకుంటానన్నాడు. అంత ప్రేమ పుట్టేసరికి ఆమెకు అనుమానమొచ్చి సంచిని ఇంకా గట్టిగా పట్టుకుంది. పెద్దపల్లి దాకా ఇదే వరస. ఉన్న మాట చెప్పేస్తే ఒక్క నిమిషంలో తీరిపోతుంది. చెప్పబోయి ముందుకు వంగాడు. శ్యామల కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ ఏదో వల్లె వేసుకుంటోంది. చేతులు ఒళ్లో నిశ్చింతగా ఉన్నాయి. తన తలమీద ఒట్టేసి బాపు అబద్ధమాడాడని ఇప్పుడు తెలిస్తే ఆ చేతులు అట్లాగే ఉంటాయా? ఇస్తారి వెనక్కి కూలబడ్డాడు.

గేటు దగ్గర మైకులో అరుపులు, ఎండ, తాడు కట్టి ఇవతల ఆపేసిన తల్లిదండ్రులు. శ్యామల ముక్కుపుల్ల, కమ్మలు తీసి బాపు చేతిలో పెట్టింది. ఇత్తడి బిల్ల ఇస్తే లోపలికి రానివ్వరని, తననే బిల్ల అనుకొమ్మని చెప్పి ఇస్తారి వాటిని జేబులో వేసుకున్నాడు. చెప్పడం పూర్తయ్యేలోపే సరోజన కవరు తీసి పిల్ల చేతికిచ్చేసింది. ఆయన చాచిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

శ్యామల చేతులెత్తింది, తిరిగింది, అరికాళ్లు చూపించింది. ఆడ కానిస్టేబుల్ ముచ్చటపడి, ఇంత చక్కగా ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగింది. తాడు ఇవతల నిలబడ్డ ఇస్తారి ఆ మాటకు క్షణం పాటు బీడీల సంగతే మరిచిపోయి, పక్కనున్న పెద్దమనిషి వైపు గర్వంగా చూశాడు. అంతలో ఫోటో అడిగారు. శ్యామల పొట్లం విప్పి బల్ల మీద బోర్లించింది. ఫోటోలు జారాయి, అగ్గిపుల్లలు చెదిరాయి, వాటి వెనకే రెండు బీడీలు దొర్లుకుంటూ పోయి కానిస్టేబుల్ చేతి దగ్గర ఆగాయి.

గేటు ఇన్‌చార్జి ఓంప్రకాశ్ సారు బీడీని రెండు వేళ్లతో ఎత్తి చూశాడు. తర్వాత పిల్లను చూశాడు. శ్యామల మొహం పాలిపోయింది. ఇస్తారి తాడు కిందనుంచి దూరి, కుంటి కాలితోనే ఉరికాడు.

"సార్, అవి నావి. పొల్లకు తెల్వదు. పన్నెండేండ్ల సంది బాయి కాడ చెకింగ్ నాది సార్, ఒక్క బీడీ పోనియ్యలే. గియ్యాల నావే పోయినయ్. బిడ్డ తలమీద ఒట్టేసి తాగిన. నన్ను ఏమన్న చెయ్యుండ్రి, దాన్ని మాత్రం ఆపకుండ్రి."

తాడు అవతల మూడు వందల మంది విన్నారు. సరోజన కూడా విన్నది. కానిస్టేబుల్ గోడకు అంటించిన నిషేధాల పట్టిక పైనుంచి కిందిదాకా చదివింది. ఫోను, గడియారం, కాలిక్యులేటర్, పెన్ను, బెల్టు, నల్లద్దాలు అన్నీ ఉన్నాయి గానీ బీడీ లేదని సారుకు చెప్పింది. ఓంప్రకాశ్ సారు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, బీడీలు, అగ్గిపుల్లలు చెత్తబుట్టలో వేయించి, పిల్లను పొమ్మన్నాడు. శ్యామల ఫోటోలు ఏరుకుంది. ఆ పిల్ల పెదవులు బిగుసుకుపోయి ఉన్నాయి. అది ఏడుపని ఇస్తారికి తెలిసిపోయింది. బాపు వైపు చూడకుండానే లోపలికి పోయింది.

ఆ మూడు గంటలు ఇస్తారి పడ్డ నరకం పగవాడికి కూడా వద్దు. సరోజన బస్సు షెల్టరులో అటు తిరిగి కూర్చుంది, మంచినీళ్ల సీసా కూడా తన పక్కనే పెట్టుకుంది. ఆయన ఎదురు దుకాణంలో ఒక బీడీ కట్ట కొన్నాడు. కొన్నాడే గానీ దారం తెంపలేకపోయాడు. లోపల పిల్ల చేతులు వణుకుతున్నాయేమో. నిరుడు గుండీలు చెడగొట్టాయి, ఈ యేడు తను చెడగొట్టాడు. ఆ కట్టను చూస్తుంటే తన మీద తనకే అసహ్యమేసింది.

అయిదు దాటాక పిల్లలు బయటికొచ్చారు. శ్యామల నేరుగా వచ్చి ఆయన ముందు నిలబడింది. ఎట్లా రాశావని అడగబోయాడు.

"చేతులెత్తు బాపు," అంది శ్యామల.

నలుగురూ చూస్తుండగానే ఇస్తారి చేతులెత్తాడు. కాలర్ కింద చూసింది, నడుము చుట్టూ తడిమింది, చెప్పులు విప్పించింది. చివరికి వంగి, విరిగి అతికిన కాలి మోకాలి పట్టీలో వేలు పెట్టి, బీడీ కట్ట బయటికి లాగింది. దాన్ని తిప్పి చూసింది. దారం తెగలేదు.

"లోపల చేతులు వణికినయా బిడ్డా?" అన్నాడు ఇస్తారి.

"వణకలే. గేటు కాడనే నవ్వు ఆపుకోలేక సచ్చిన. గా పోలీసక్క పట్టిక సదివింది యాదికొచ్చి లోపల గూడ నవ్వే. అన్ని రాసిన బాపు, ఇంక పది నిమిషాలు మిగిలింది."

ఇస్తారికి కళ్లు మసకబారాయి. శ్యామల బీడీ కట్టను కవరులో వేసుకుని, డ్యూటీ దిగాక ఇస్తానంది. ఆ డ్యూటీ దిగేదెప్పుడని ఇస్తారి అడిగాడు. తను డాక్టరయిన రోజున అని, ఆ రోజు ఛాతి చూసి, పిల్లి పిల్లలు లేవని తేలితే అప్పుడు ఆలోచిస్తానని చెప్పింది. ఇస్తారి ముక్కుపుల్ల, కమ్మలు తీసి కూతురి చేతిలో పెట్టాడు గానీ కదల్లేదు.

"మరి నా బిల్లేది? బిల్ల లేకుంట సామాను ఎట్ల జమ చేస్కుంటవ్?"

రూలు రూలే. శ్యామల కవరులో వెతికి, మిగిలిన పాస్‌పోర్ట్ ఫోటో ఒకటి తీసి ఇచ్చింది. దానికింకా బీడీ వాసన వస్తూనే ఉంది. ఇస్తారి దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

బస్సు ఎక్కేముందు సరోజన మొగుణ్ని ఆపి తనూ ఒకసారి తడిమింది. జేబులో ఏదో తగిలితే తీసి చూసింది. కూతురి ఫోటో. మళ్లీ అక్కడే పెట్టి, జేబు గుండీ తనే పెట్టి, మంచినీళ్ల సీసా ఆయన చేతికిచ్చింది.