పెన్సిలు గీతలు చెరిపేసిన నవల

నేను ఒక నవలను. సరిగ్గా చెప్పాలంటే, ఒక నవల తాలూకు అయిదు వందల ప్రతుల్లో ఒకదాన్ని. నా పేరు 'మూడో గంటకు ముందు'. క్రైస్తవ కుటుంబాల కోసం రాసిన ప్రేమకథ. అందులోనే ఒక హత్య, ఒక దొంగతనం, బోలెడంత ప్రార్థన. ఇవన్నీ ఒకే అట్టలో ఎలా ఇమిడాయని మీరు అనుకుంటే తప్పు పట్టను. నాకే అనుమానంగా ఉంటుంది.

నన్ను రాసినావిడ పేరు హెప్సిబా. పాలకొల్లులో ఒక నర్సింగ్ హోములో స్టాఫ్ నర్సు. ముప్పై నాలుగేళ్ల మనిషి. మధ్యాహ్నం వార్డు సద్దుమణిగాక, పనికిరాని కేసు షీట్ల వెనకవైపు నన్ను రాసుకుంది. మూడేళ్లు పట్టింది. ఇది ఆవిడ మొదటి నవల. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, నన్ను తెరిస్తే చాలు.

నా తలరాత విజయవాడ ప్రెస్సులోనే మారిపోయింది. అట్ట మీద చర్చి గంట, దాని కింద ఒక మనిషి నీడ ఉండాలని హెప్సిబా అడిగింది. బొమ్మ వేసినతను పెద్ద సిలువ, పావురం, ఉదయించే సూర్యుడు వేసి పంపాడు. "క్రైస్తవ పుస్తకమని చెప్పారు కదండీ" అన్నాడు. ఆవిడకి గట్టిగా మాట్లాడే అలవాటు లేదు. అలాగే ఉంచేసింది.

మేం పాలకొల్లు చేరాక, ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక సంఘమంతా లేచి నిలబడింది. పాస్టరుగారు మా కట్టల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు. ఇంటికొకటి చొప్పున తీసుకెళ్లారు. నన్ను మార్తమ్మగారు తీసుకెళ్లి బైబిలు పక్కన పెట్టారు. ఆ శుక్రవారం వాళ్లింట్లో గృహకూడిక, అంటే పదిమంది చేరి చేసుకునే ప్రార్థన. సిలువ బొమ్మ ఉంది, పాస్టరుగారు ప్రార్థన చేశారు, ఇంకేముంది, నన్ను రోజుకో పేజీ చదివే అనుదిన ధ్యానాల పుస్తకమనుకుని ఆవిడ కళ్లు మూసుకుని ఒక పేజీ తీసి చదివారు. నలభై ఒకటో పేజీ. గంట కొట్టే ముసలాయన శవం మెట్ల కింద దొరికే పేజీ. చివరిదాకా చదివేశారు. అందరూ ఆమెన్ అన్నారు. ఆ తరవాత నాతో ఎందుకొచ్చిన గొడవని ఆవిడ నన్ను చర్చి లైబ్రరీకి ఇచ్చేశారు.

లైబ్రరీ అంటే చర్చి వెనక వరుసల పక్కన ఒక అద్దాల బీరువా. దాని తాళం కృపావతమ్మగారి దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి చూస్తే సంఘమంతా కనిపిస్తుంది. కుడివైపు మగవాళ్లు, ఎడమవైపు ఆడవాళ్లు, మధ్యన నడిచే దారి. ప్రతి ఆదివారం హెప్సిబాని ఎవరో ఒకరు ఆపి, "నీ పుస్తకం చాలా ఆశీర్వాదకరంగా ఉందమ్మా" అనేవారు. ఎక్కడ బాగుందండీ అని అడిగితే, "మొత్తం" అనేవారు. చదవనివాళ్లు ఎంత ఉదారంగా మెచ్చుకుంటారో నాకు అప్పుడే తెలిసింది.

ఒకరోజు ఆవిడ కృపావతమ్మగారితో అంది, "ఒక్కళ్లు, ఒక్కళ్లంటే ఒక్కళ్లు, ఇది బాగుంది, ఇది బాగోలేదు అని చెప్తే చాలాంటీ. రెండోది మొదలెడతాను. లేపోతే నాకెందుకిది, మానేస్తాను."

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు దిగులు పట్టుకుంది. ఎవరైనా నన్ను తెరవాలి. అంతే నా కోరిక.

తెరిచింది నతానియేలు మాస్టారు. తెలుగు పంతులుగా రిటైరై, భార్య పోయాక కూతురి దగ్గర ఉందామని భీమవరం నుంచి వచ్చిన పెద్దమనిషి. సంఘానికి కొత్త. ఎవరితోనూ పెద్దగా మాట్లాడరు. నన్ను ఇంటికి తీసుకెళ్లి, పెన్సిలు చెక్కుకుని కూర్చున్నారు. నా జీవితంలో అవే మంచి రోజులు.

పన్నెండో పేజీ అంచున ఇలా రాశారు: "దొంగ ఎవరో ఇక్కడే తెలిసిపోయింది. ప్రార్థనలో కళ్లు తెరిచింది వీడొక్కడే. మరి అది చూసిన లిల్లీ కళ్లు మూసుకునే ఉందా?" లిల్లీ నా కథానాయిక. ఆ ప్రశ్న నన్నూ చాలాకాలంగా వేధిస్తోంది. డేవిడ్ అనే నా కథానాయకుడు తన ప్రేమ చెప్పడానికి వచ్చి మూడు పేజీలు బైబిలు వాక్యం బోధిస్తాడు. అక్కడ మాస్టారు, "ఈ పిల్ల ఇంకా నిలబడే ఉందా? కుర్చీ వేయించండి" అని రాశారు. తుపాకీ పట్టుకున్న దొంగ ఒక్క వచనం వినగానే మోకాళ్ల మీద పడిన చోట, "మారనివ్వండి. కానీ మరీ తొందరపెట్టకండి" అన్నారు.

అలాగని అన్నీ తప్పులే పట్టలేదు. క్వయర్ ప్రాక్టీసులో పాటల పుస్తకం ఒక్కటే ఉంటే లిల్లీ, డేవిడ్ చెరో అంచు పట్టుకుని పాడే పేజీ ఉంది. ఆ పేజీలో ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోరు. దాని పక్కన "ఇది ప్రేమ" అని మాత్రమే రాశారు. ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్ల గదిలో లిల్లీ దాక్కుని అడుగుల చప్పుడు వినే చోట, "కాఫీ చల్లారిపోయింది, చూసుకోలేదు" అని ఉంది. నాకు ఒళ్లు పులకరించింది. నాలో కూడా ఒకరిని కట్టిపడేసే పేజీలున్నాయని నాకు అప్పటిదాకా తెలియదు.

నా చివరి పేజీ ఖాళీ. దాని మీద ఇలా రాసి సంతకం పెట్టారు: "అమ్మా, మీకు భయపెట్టడం వచ్చు. ప్రేమ రాయడం కూడా వచ్చు. ప్రసంగం పాస్టరుగారికి వదిలెయ్యండి. రెండోది తప్పకుండా రాయండి. ముందు నాకు చూపించండి."

తరవాతి ఆదివారం నన్ను కృపావతమ్మగారి చేతికిచ్చి, "రాసినమ్మాయికి అందజేయండమ్మా, లోపల నాలుగు మాటలు రాశాను" అన్నారు. ఆడవాళ్ల వైపుకి స్వయంగా వెళ్లి ఇవ్వడానికి ఆయనకి మొహమాటం.

కృపావతమ్మగారు నన్ను తెరిచి అదిరిపోయారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. ప్రార్థన చేసిన పుస్తకంలో గీతలేమిటి అనుకున్నారు. ఆ పిల్ల చూస్తే మనసు విరిగిపోతుందనుకున్నారు. తిట్లు కనపడ్డాయి గాని చివరి పేజీదాకా ఓపిగ్గా చదవలేదు. మనవరాలి రబ్బరు తెచ్చి, మొత్తం తుడిచేశారు. బాగున్నవీ పోయాయి, బాగోలేనివీ పోయాయి. నేను కేక పెట్టాను. పుస్తకం కేక ఎవరికి వినిపిస్తుంది చెప్పండి.

"ఇచ్చారా అమ్మా?" అని మాస్టారు అడిగితే, "ఆ, ఇచ్చేనండి" అనేశారు.

అప్పటి నుంచి ఆయన ప్రతి ఆదివారం కుడివైపు వరుసల్లోంచి హెప్సిబా ఏమైనా చెబుతుందేమోనని చూస్తారు. ఆవిడకి ఆయనెవరో కూడా తెలియదు. మళ్లీ బీరువాలోకి చేరిన నేను అద్దం వెనక నుంచి ఇద్దరినీ చూస్తూ ఉంటాను. ఇంత మంది పాటలు పాడే చోట ఇంత ఒంటరిగా ఉంటానని అనుకోలేదు.

మొన్న ఆరాధన అయ్యాక హెప్సిబా బీరువా దగ్గరికి వచ్చి నన్ను తీసింది. మొదటి నుంచి చివరిదాకా తిరగేసింది. అంతా శుభ్రంగా ఉంది.

"దీన్నెవరూ తియ్యలేదా ఆంటీ?"

"ఎందుకు తియ్యలేదమ్మా. అందరూ చదివేరు. అందరికీ బాగుందంట."

"బాగోలేదని ఎవరూ అన్లేదా?"

"అబ్బే, ఎవరంటారమ్మా."

హెప్సిబా తలాడించింది. "రెండోదానికని దాచుకున్న కాగితాలు వార్డులో ఇచ్చేశానాంటీ, రఫ్‌కి వాడుకుంటారని" అని చెప్పి, నన్ను లోపల పెట్టేసింది. కృపావతమ్మగారు తాళం వేశారు.

గుమ్మం దగ్గర మాస్టారు ఎదురుపడ్డారు. "వందనాలమ్మా" అన్నారు. "వందనాలండీ" అని ఆవిడ ఎవరో పెద్దాయనకి చెప్పినట్టు చెప్పి, డ్యూటీకి వెళ్లిపోయింది.

ఆయన నెమ్మదిగా బీరువా దగ్గరికి వచ్చారు. తాళం వైపు, నా వైపు చూశారు. "అంత కటువుగా రాయకుండా ఉండాల్సింది" అని తనలో తను అనుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు.