కమలిని మెయిన్ స్విచ్ తీసేసిన రోజు

పులిహోరకు చింతపండు పులుసు ఉడుకుతుండగా పరాశర్ వంటగది గుమ్మంలో నిలబడి, ఫోను చూసుకుంటూనే చెప్పాడు.

"కంచి అత్తోళ్ళు కొండ దిగుతా ఉండారంట. మధ్యాన్నం భోజనానికి ఈడికే. నువ్వు లీవు పెట్టెయ్."

తిరుపతిలో కాపురమంటే ఇంతే. దర్శనానికొచ్చిన ప్రతి చుట్టానికీ విస్తరి వేయాలి. కమలిని సెలవులన్నీ ఎవరెవరి దర్శనాలకో ఖర్చయిపోయాయి. తన జ్వరాలు మాత్రం మాత్ర మింగి ఆఫీసుకే వెళ్ళాయి. "నీ పనేముండాది, కూర్చోని బటన్లు నొక్కేదే కదా" అని పెళ్ళయిన కొత్తలో అతను సరదాగా అన్న మాట ఆ ఇంట్లో స్థిరపడిపోయింది.

"ఈరోజు కుదరదండి. పులిహోర, రసం అయిపోతాయి. మిగతాది మీరు చూసుకోండి."

"నువ్వు పోకుంటే ఆఫీసు ఆగిపోతాదా?"

"ఆగదు. పని చెడిపోతాది," అని స్టవ్ కట్టేసింది.

రేణిగుంట దారిలో కమలిని పనిచేసే చిన్న కంపెనీ బోరు మోటార్లను ఫోనుతో నడిపే పెట్టెలు చేస్తుంది. కరెంటు రాగానే అన్నిటికంటే ముందు మేలుకొని, మిగతా ప్రోగ్రాంను లేపే చిన్న ప్రోగ్రాం ఆ పెట్టెలో ఉంటుంది. దాన్ని బూట్‌లోడర్ అంటారు. అందులో లోపం బయటపడింది. పొలాల్లో ఉన్న పెట్టెలన్నిటిలో దాన్ని ఆఫీసు నుంచే మార్చాలి. మార్చే క్షణంలో కరెంటు పోతే పాతదీ మిగలదు, కొత్తదీ నిలవదు. పెట్టె ఇక లేవదు. మండుటెండల్లో చెరకుకు నీళ్ళు ఆగిపోతాయి.

పాతదాని మీదే నేరుగా రాసేద్దామని కొన్నాళ్ళ కిందటే అన్నాడు మేనేజరు జయరావు. కరెంటు పోతే ఎలా అని కమలిని అడ్డుచెప్పింది. "క్షణంలో అయ్యే పనికి ఇంత భయమా? ఇంట్లో గ్యాసు కట్టేసినామా లేదా అని మళ్ళా మళ్ళా చూసుకునే అలవాటమ్మా మీది," అంటే మీటింగులో అందరూ నవ్వారు. కమలిని కూడా నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాటనే తిప్పి తిప్పి తలుచుకుంది. అవును, చూసుకుంటాను. నేను చూసుకోబట్టే మీరంతా నిశ్చింతగా ఉన్నారు. అదే చూసుకోవడం ఇంట్లో చాదస్తం, ఆఫీసులో పిరికితనం, మగవాడు చేస్తే మాత్రం ఇంజనీరింగ్. అలా అనుకుంటూ కూర తరుగుతూ, బట్టలు మడుస్తూ, మధ్యమధ్య పెట్టెలోని చిప్ గురించిన కాగితాలు చదివింది. ఆ చిప్‌లో సగం చోటు ఖాళీగా పడి ఉందని అప్పుడే కనిపెట్టింది. కొత్త బూట్‌లోడర్‌ను అక్కడ రాయాలి. తాము పంపిందేనా, ఎక్కడైనా చెదిరిందా అని సరిచూడాలి. అంతా సరిగ్గా ఉంటేనే, ఇకమీదట ఇటునుంచి మేలుకో అని చిప్‌కు ఒక్క గుర్తు పెట్టాలి. అంతవరకు పాతదాన్ని ముట్టుకోకూడదు.

చుట్టాలొచ్చే ఆ రోజే పరీక్ష. పెట్టెలు కొన్న రైతు సంఘం తరఫున నగరి నుంచి మునిరామయ్య వచ్చాడు. బల్లమీద సగం పెట్టెలు జయరావు పద్ధతికి, సగం కమలిని పద్ధతికి. అప్‌డేట్ మొదలైంది. కమలిని లేచి వెళ్ళి మెయిన్ స్విచ్ తీసేసింది. ఫ్యాన్లు ఆగిపోయాయి.

"ఏంది మేడమ్ ఇది?" అన్నాడు జయరావు.

"పొలంలో కరెంటు మనల్ని అడిగి పోతుందా సార్?"

మునిరామయ్య నవ్వాడు. ఆమె స్విచ్ వేసింది. జయరావు వైపు పెట్టెల్లో ఒక్క దీపమూ వెలగలేదు. ఇటువైపువి పాత బూట్‌లోడర్‌తోనే మేలుకొని, ఆగిన పనిని తమంతట తామే మళ్ళీ మొదలుపెట్టాయి. కాసేపటికి అన్నిటిలో పచ్చ దీపాలు.

"ఇది చేసింది యెవురప్పా?" మునిరామయ్య జయరావును అడిగాడు.

"మా టీమంతా కలిసి..."

"నేనండీ," అంది కమలిని. "పొలాలకు పంపేదీ నేనే. ముందు కొన్నిటికి పంపుతాను. అవి బాగా లేస్తేనే మిగతావాటికి."

మధ్యాహ్నం పంపుతుండగా నగరి వైపు నిజంగానే కరెంటు పోయింది. తెరమీద పెట్టెల గుర్తులు వరుసగా ఆరిపోయాయి. అందరూ తెర దగ్గరికి జరిగారు. పరాశర్ నుంచి ఫోను వచ్చింది, కమలిని ఎత్తలేదు. కరెంటు వచ్చాక ఒక్కొక్కటే వెలగసాగాయి, ఒక్కటీ తప్పకుండా. మునిరామయ్య ఊరికి ఫోను చేసి, "మోటార్లు తిరగతా ఉండాయంట తల్లీ," అన్నాడు. జయరావు ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఇకమీదట మీరు సరే అనందే ఏ అప్‌డేటూ బయటికి పోదు మేడమ్."

"ఆ మాటే మెయిల్‌లో పెట్టండి సార్," అంది.

ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. అత్తగారు అమృతవల్లి పక్కన సోఫాలో కూర్చున్న కంచి అత్త పలకరించింది. "వస్తివా కమలినీ. కాఫీ తాగుదామని నీకోసరమే కాసుకోనుండాము."

"పెట్టు," అన్నాడు పరాశర్.

కమలిని బ్యాగు కింద పెట్టి, వాళ్ళ పక్కనే సోఫాలో కూర్చుంది. వీపు ఆనించి కాళ్ళు చాపుకుంది. పొద్దున్నుంచి జరిగిందంతా చెప్పింది. అమృతవల్లి కన్నార్పకుండా వింది.

"ఏమండీ, నాక్కూడా ఒకటి పెట్టండి. చక్కెర తక్కువ," అంది కమలిని.

పరాశర్ తల్లి వైపు చూశాడు. ఆమె లేవలేదు. కోడలికి చోటిస్తూ కాస్త జరిగింది.

"పాలు ఫ్రిజ్‌లో ఉండాయి నాయనా."